రహమత్ నగర్ నుంచి వానల అడవికి

వర్షారణ్యం అనగానే మన మనసులో మెదిలేవి అమెజాన్, కాంగో, లేదా పశ్చిమ కనుమలలోని ఆగుంబె అడవులు. అవన్నీ వేడిమి, తేమ కలిసిన ఉష్ణమండల అరణ్యాలు. అయితే భూమి మీద మరో రకం వర్షారణ్యం ఉంది. అది చల్లని ప్రాంతాలలో, సముద్రానికి చేరువగా, సముద్రపు గాలిని అడ్డగించే పర్వతాల పాదాల చెంత పెరుగుతుంది. దానిని సమశీతోష్ణ తీర వర్షారణ్యం అంటారు. చిలీ దక్షిణ తీరంలో, న్యూజిలాండ్ పడమటి తీరంలో, టాస్మేనియా దీవిలో, తేయాకుకు పేరుపొందిన తుర్కియేలోని రిజే ప్రాంతపు నల్లసముద్ర తీరపు కొండల మీద ఈ తరహా అడవులున్నాయి. వీటన్నింటిలోనూ అతి పెద్దది ఉత్తర అమెరికాలో, పసిఫిక్ మహాసముద్రం వెంబడి కాలిఫోర్నియా ఉత్తర భాగం నుంచి అలాస్కా వరకు సాగే పట్టీ.

ఆ పట్టీకి ఆనుకొని ఉన్న మహానగరం సియాటిల్. దాని చుట్టూ ఉన్న రెడ్మండ్, బెల్‌వ్యూ, సమామిష్, బాథెల్ పట్టణాలు నేడు తెలుగు కుటుంబాలకు కొత్తవి కావు. మైక్రోసాఫ్ట్ సంస్థకు 2014 నుంచి సారథ్యం వహిస్తున్న సత్య నాదెళ్ళ మన హైదరాబాదులో పుట్టి, బేగంపేటలోని పబ్లిక్ స్కూలులో చదివినవారే. కంప్యూటర్ కొలువుల కోసం అక్కడికి వెళ్ళిన మన బిడ్డలను చూడటానికి ఏటా ఎందరో తల్లిదండ్రులు వెళుతుంటారు. వారిలో చాలామంది ఆరు నెలలు అపార్ట్‌మెంటు కిటికీలోంచి వాన చూసి తిరిగి వస్తారు. ఆ వాన ఎక్కడి నుంచి వస్తుందో, అది ఏమి పెంచుతుందో చూడకుండానే విమానమెక్కుతారు. మా పెద్దమ్మాయి కుటుంబం రెడ్మండ్‌లో ఉంటుంది. 2025 జూన్‌లో బక్రీద్ పండుగ అయిన తరువాత మూడు రోజులు కారులో ఆ అడవుల గుండా తిరిగి వచ్చాము. మేము, మా ఇంటివారు, కూతురు, అల్లుడు, ఎనిమిదేళ్ళ మనుమడు. ఆ ప్రయాణంలో చూసినది, తెలుసుకున్నది పాఠకుల ముందు ఉంచుతున్నాము.

దారి

సియాటిల్‌కు పడమరగా సముద్రపు పాయలు దాటితే ఒలింపిక్ ద్వీపకల్పం వస్తుంది. దాని నడుమ మంచు కప్పిన పర్వతాలు. వాటిలో ఎత్తయిన ఒలింపస్ శిఖరం సుమారు 2,430 మీటర్లు. ఆ పర్వతాల నడిబొడ్డు గుండా ఒక చివరి నుంచి మరో చివరికి వెళ్ళే రహదారి లేదు. 101వ నంబరు జాతీయ రహదారి వాటి చుట్టూ తిరుగుతుంది. లోపలికి వెళ్ళదలచినవారు ఆ రహదారి నుంచి చీలిన చిన్న దారుల్లో కొంత దూరం కారులో, ఆపైన కాలినడకన వెళ్ళాలి.

మేము రెడ్మండ్ నుంచి దక్షిణంగా టకోమా, ఒలింపియా పట్టణాల మీదుగా వెళ్ళి, అక్కడి నుంచి పడమరకు మళ్ళి, అబెర్డీన్ వద్ద ఉత్తరానికి తిరిగాము. అబెర్డీన్ దాటాక దారికి ఇరువైపులా ఒకే ఎత్తు, ఒకే వయసు గల చెట్లు వరుసలుగా కనిపించాయి. కొన్ని చోట్ల కొండ మొత్తం గొరిగినట్లుగా మొద్దులు మాత్రమే మిగిలి ఉన్నాయి. మనుమడు ఉత్సాహంగా "ఇదేనా అడవి?" అని అడిగాడు. "ఇది కలప పంట నాయనా, మన ఊళ్ళలో సరుగుడు తోట వంటిది. అడవి ఇంకా ముందు ఉంది" అన్నాడు అల్లుడు. ఈ తేడాను పిల్లలకు చూపించడానికి ఆ రహదారిని మించిన పాఠశాల లేదు. ఒక గంట తరువాత క్వినాల్ట్ సరస్సు వద్ద అసలైన అడవిలోకి ప్రవేశించగానే వాడే కిటికీ అద్దం దించి మౌనంగా పైకి చూడసాగాడు.

వెయ్యేళ్ళ చెట్టు

క్వినాల్ట్ సరస్సు దక్షిణపు ఒడ్డున ఒక సిట్కా స్ప్రూస్ వృక్షం ఉంది. ఆ జాతిలో ప్రపంచంలోకెల్లా పెద్దదిగా దానికి గుర్తింపు ఉంది. ఎత్తు 191 అడుగులు. అంటే చార్మినార్ మినారు కంటే ఎక్కువ. మొదలు వద్ద చుట్టుకొలత దాదాపు 59 అడుగులు. మేము ఐదుగురమూ చేతులు చాచి పట్టుకున్నా సగం చుట్టు కూడా రాలేదు. దాని వయసు సుమారు వెయ్యేళ్ళని అంచనా. 1591లో చార్మినార్ నిర్మాణం జరిగేనాటికే అది ఐదు శతాబ్దాలు దాటిన మహావృక్షం.

ఆ సరస్సు క్వినాల్ట్ జాతి ప్రజలది. ఈ తీరంలో క్వినాల్ట్, హో, క్విల్యూట్, మకా అనే ఆదిమ జాతులు వేల ఏళ్ళుగా నివసిస్తున్నాయి. దేవదారును పోలిన ఎర్ర సీడార్ చెట్టు వారికి సర్వస్వం. దాని మానుతో పడవలు, పలకలతో ఇళ్ళు, నారతో బుట్టలు, వస్త్రాలు చేసుకున్నారు. నిలబడి ఉన్న చెట్టు నుంచి కొంత మేర మాత్రమే నార వలుచుకుని, చెట్టు బతికేలా వదిలేయడం వారి పద్ధతి. అలా నార వలిచిన పాత మచ్చలున్న సీడార్లు ఈనాటికీ ఈ తీరపు అడవుల్లో కనిపిస్తాయి.

ఒక పక్క జడివాన, మరో పక్క ఎడారి

ఇక్కడ ఇంత వాన ఎందుకు? పసిఫిక్ సముద్రం మీదుగా వచ్చే తడి గాలి ఈ పర్వతాలను ఢీకొని పైకి లేస్తుంది. పైకి లేచిన కొద్దీ చల్లబడుతుంది. చల్లబడిన గాలి తేమను మోయలేదు, కురిపిస్తుంది. అందువల్ల పడమటి లోయలలో ఏటా సుమారు 350 సెంటీమీటర్ల వాన పడుతుంది. మన హైదరాబాదు వార్షిక సగటు 80 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే అక్కడి ఒక ఏటి వాన మనకు నాలుగేళ్ళకు పైగా సరిపోతుంది. అందులో అధిక భాగం శరత్కాలం నుంచి వసంతం దాకా పడుతుంది. వేసవిలో వాన తగ్గినా సముద్రపు పొగమంచు ఆకులకు పట్టి, బొట్లు బొట్లుగా నేలకు రాలుతూ అడవిని తడుపుతుంది.

అదే పర్వతాలకు ఈశాన్యాన సెక్విమ్ అనే పట్టణం ఉంది. హో లోయ నుంచి అది నేరుగా కొలిస్తే 70 కిలోమీటర్లు కూడా ఉండదు. అక్కడ పడే వాన ఏడాదికి సుమారు 40 సెంటీమీటర్లు మాత్రమే. అంటే హైదరాబాదులో సగం. గాలి తన నీటినంతా అవతలి వైపే దింపుకొని, ఇవతలికి ఖాళీ చేతులతో వస్తుంది. అక్కడి రైతులు కాలువ నీటితో లావెండర్ పూలు పండిస్తున్నారు.

ఇది విన్నప్పుడు రాయలసీమ పాఠకులకు తమ ఊరు గుర్తుకు రాక మానదు. అరేబియా సముద్రపు మేఘాలు పశ్చిమ కనుమల మీద ఆగుంబె వంటి చోట్ల విరగబడి కురుస్తాయి. కనుమలు దాటి తూర్పుకు వచ్చేసరికి వాటిలో మిగిలేది కొద్దిపాటి తడి. అనంతపురానికి ఏటా సుమారు 55 సెంటీమీటర్లే దక్కడానికి ఇది ఒక ముఖ్య కారణం. కొండకు ఏ వైపున పుట్టామన్నది మన చేతిలో లేదు. దక్కిన నీటిని ఏమి చేస్తామన్నది మాత్రం మన చేతిలో ఉంది.

హో లోయలో

రెండవ రోజు ఉదయం కలాలాక్, రూబీ బీచ్ సముద్ర తీరాలు చూశాము. నదులు కొట్టుకొచ్చిన మహావృక్షాల మ్రానులు అక్కడి ఇసుక మీద ఏనుగుల మందలా పడి ఉంటాయి. కలాలాక్ వద్ద ఒక స్ప్రూస్ చెట్టు కింది మట్టి మొత్తం కోసుకుపోగా, రెండు గట్ల నడుమ వేళ్ళ మీద వేలాడుతూ పచ్చగానే ఉంది. అక్కడి నుంచి హో లోయకు బయలుదేరాము. ప్రధాన రహదారి నుంచి లోపలికి 29 కిలోమీటర్ల దారి. 2024 డిసెంబరులో వరద ఆ దారిలో కొంత భాగాన్ని కోసేసింది. రాష్ట్ర ప్రభుత్వ నిధికి స్థానిక వ్యాపారులు, సామాన్యులు తమ విరాళాలు జోడించగా మరమ్మతు పూర్తయి 2025 మే నెలలో దారి తిరిగి తెరుచుకుంది. మేము వెళ్ళేసరికి తారు ఇంకా నల్లగానే ఉంది.

అక్కడ 'హాల్ ఆఫ్ మోసెస్' అనే నడకదారి ఉంది. నాచు మందిరమని చెప్పుకోవచ్చు. పొడవు 1.3 కిలోమీటర్లు. మోకాళ్ళ నొప్పులున్న మా ఇంటివారు కూడా నెమ్మదిగా నడవగలిగారు. మేపుల్ చెట్ల కొమ్మల నుంచి నాచు జడలు జడలుగా వేలాడుతుంది. ఈ నాచు చెట్టు రక్తం పీల్చదు. గాలి నుంచి, వాన నుంచి తన ఆహారం తాను తీసుకుంటుంది. అది చచ్చి కుళ్ళి కొమ్మల మీదే మట్టిగా మారుతుంది. ఆ మట్టిలోకి మేపుల్ చెట్టు తన కొమ్మల నుంచే వేళ్ళు పంపి పోషణ తీసుకుంటుందని భారతీయ మూలాలున్న శాస్త్రవేత్త నళినీ నాడ్కర్ణి ఈ అడవులలోనే చెట్లెక్కి కనుగొని 1981లో ప్రకటించారు. ఆశ్రయం ఇచ్చిన చెట్టుకు అతిథి ఇలా బదులు తీర్చుకుంటున్నాడన్నమాట.

ఇక్కడ విత్తనానికి నేల మీద చోటు దొరకదు. నాచు, పర్ణికలు నేలను అంత దట్టంగా కప్పేస్తాయి. అందువల్ల చాలా మొలకలు పడిపోయిన పెద్ద మ్రాను మీద పుడతాయి. కూలిన చెట్టు తన తడితో, తన సారంతో వందల ఏళ్ళు ఆ మొలకలను పెంచుతుంది. చివరికి అది పూర్తిగా కరిగిపోయాక, పైన పెరిగిన చెట్లు గీత గీసినట్లు ఒకే వరుసలో నిలబడి ఉంటాయి. వాటి వేళ్ళ కింద సొరంగం వంటి ఖాళీ మిగులుతుంది. అక్కడివారు అటువంటి మ్రానును 'దాది మ్రాను' అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. పడిన చెట్టును ఎవరూ ఏరివేయరు. ఏరివేస్తే తరువాతి అడవి పుట్టదు.

ఆ లోయలో మరో సంపద నిశ్శబ్దం. ధ్వనులను నమోదు చేసే గోర్డన్ హెంప్టన్ అనే ఆయన 2005లో ఆ అడవి లోపల ఒక చిన్న ఎర్ర రాయిని ఉంచి, కనీసం ఆ ఒక్క చదరపు అంగుళాన్నైనా మానవుల రొద నుంచి కాపాడదామని పిలుపునిచ్చారు. మా రహమత్ నగర్ సంగతి పాఠకులకు తెలిసిందే. ఒక వైపు యూసుఫ్‌గూడ, మరో వైపు జూబ్లీహిల్స్, అడుగు దూరంలో కృష్ణానగర్. సినిమా యూనిట్ల బస్సులు, జనరేటర్ల బండ్లు తెల్లవారుజామునే కదులుతాయి. మా మదరసా పిల్లల తండ్రులలో కొందరు సెట్లు వేసే వడ్రంగులు, లైట్లు మోసే కార్మికులు. చెక్కతో, గోనెతో, ఆకుపచ్చ రంగుతో వారు రెండు రోజుల్లో అడవిని నిలబెట్టగలరు, ఒక్క పూటలో విప్పేయగలరు. హో లోయలో నిలబడినప్పుడు మాకు వారే గుర్తుకొచ్చారు. ఈ అడవి ఏ ఒక్క తరమూ పూర్తిగా చూడలేనంత నెమ్మదిగా సిద్ధమైనది. విప్పేస్తే మళ్ళీ నిలబెట్టగల కార్మికుడు ఎవరూ లేరు.

కూతురి మాట

ఆ దాది మ్రాను పక్కన ఉన్న బల్ల మీద కూర్చున్నప్పుడు కూతురు తన మనసులోని మాట చెప్పింది. "అబ్బాజాన్, దాదీజాన్‌ను కూడా తీసుకొచ్చి మీరంతా ఇక్కడే ఉండిపోతే ఎంత బాగుంటుంది! రాత్రి వేళ ఇండియా నంబరు నుంచి ఫోను మోగితే ఎత్తే లోపల నా ప్రాణం పోయినంత పని అవుతోంది."

ఈ మాట విదేశాలలో బిడ్డలున్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మా తల్లిగారికి డెబ్బై తొమ్మిదేళ్ళు. మా ఇంటివారే బదులిచ్చారు. "బేటీ, ఆమె యూసుఫ్‌గూడ వెళ్ళడానికే ఆటో ఎక్కనంటారు. ఆమె మాట్లాడుకునే మనుషులంతా ఆ గల్లీలోనే ఉన్నారు. ఈ వయసులో వేరుతో పెకలిస్తే బతికే మొక్క కాదమ్మా." కూతురు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మరి మీరు పడిపోతే నేను దగ్గర ఉండను కదా" అంది. దానికి మా దగ్గర తేలికైన జవాబు లేదు. తల్లిదండ్రుల సేవ విధి అని పాతికేళ్ళుగా పిల్లలకు పాఠం చెబుతున్నాము. ఆ విధి ఒకే సమయంలో రెండు ఖండాలలో నిలబడి పిలిచినప్పుడు ఏమి చేయాలన్నది ప్రతి కుటుంబమూ కూర్చొని తేల్చుకోవలసిందే.

ఆ సాయంత్రం ఫోర్క్స్ పట్టణంలోని బసలో కూర్చొని కొన్ని నిర్ణయాలు తీసుకున్నాము. మనుమడు ప్రతి వేసవి సెలవులలో ఆరు వారాలు రహమత్ నగర్‌లో ముత్తవ్వ దగ్గర గడుపుతాడు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు నేర్చుకుంటాడు. కూతురు, అల్లుడు వంతులవారీగా వచ్చి వెళతారు. మా తల్లిగారు ఉన్నంత కాలం మేము ఆమెను విడిచి మూడు వారాలకు మించి ఎక్కడా ఉండము. ఆ తరువాతి సంగతి అప్పుడు ఆలోచిద్దామన్నాము. కూతురికి ఇది పూర్తి తృప్తి కాదని మాకు తెలుసు. అయినా మనసులో దాచుకొని కుమిలేకంటే, అందరూ కలిసి ఉన్న వేళ చెప్పుకోవడం మేలు.

నరికిన చేతులు, కూల్చిన ఆనకట్టలు

ఈ అడవి ఊరకే మిగల్లేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల తయారీకి తేలికైన, గట్టి స్ప్రూస్ కలప కావలసివచ్చి సైన్యమే ఇక్కడి అడవుల్లోకి దిగింది. ఇక్కడి ఎల్క్ జింకలను కాపాడటానికి 1909లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఈ పర్వతాలను రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 1938లో అది ఒలింపిక్ జాతీయ ఉద్యానవనం అయింది. 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అయినా ఉద్యానవనం వెలుపల నరకడం ఆగలేదు. పాత అడవుల్లో మాత్రమే బతికే ఒక జాతి గుడ్లగూబకు 1990లో చట్ట రక్షణ లభించాక నరకడం బాగా తగ్గింది. దానితో ఫోర్క్స్ వంటి పట్టణాలలో ఎందరో కలప కార్మికుల పొయ్యి చల్లారింది. అడవిని కాపాడటం అనే మంచి పనికి కూడా ఒక మూల్యం ఉంటుంది. అది ఎక్కువగా పేదవారి ఇంటి నుంచే వసూలవుతుంది. సంస్కరణ కోరేవారు ఆ లెక్క కూడా చూడాలి.

మూడవ రోజు తిరుగు దారిలో ఎల్వా నదిని చూశాము. దాని మీద 1913లో ఒకటి, 1927లో ఒకటి ఆనకట్టలు కట్టారు. చేపలు పైకి వెళ్ళడానికి దారి మాత్రం కట్టలేదు. సముద్రం నుంచి నదిలోకి ఎదురీది గుడ్లు పెట్టే సాల్మన్ చేపలు శతాబ్ద కాలం ఆ గోడ దగ్గరే ఆగిపోయాయి. ఆ చేపలు అడవికీ ఆహారమే. ఎలుగుబంట్లు, పక్షులు ఒడ్డుకు లాగి తిని వదిలిన చేపల సారం మట్టిలో కలిసి చెట్లకు చేరుతుంది. 2011 నుంచి 2014 లోపల రెండు ఆనకట్టలనూ తొలగించారు. చేపలు మళ్ళీ పైకి వెళుతున్నాయి. నది మీద ఆధారపడిన ఎల్వా క్లాలమ్ జాతివారు 2023లో మళ్ళీ చేపలు పట్టారు. గోదావరి జిల్లాల పాఠకులకు ఇది చప్పున అర్థమవుతుంది. బంగాళాఖాతం నుంచి ఎదురీదివచ్చే పులస కూడా ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరే ఆగిపోతుంది కదా.

ప్రయాణికులకు కొన్ని సూచనలు

ఈ దారిలో చాలా చోట్ల ఫోను పనిచేయదు. పటాన్ని ముందే ఫోనులో దించుకోవాలి, కాగితపు పటం కూడా ఉంచుకోవాలి. పెట్రోలు పట్టణాలలోనే నింపుకోవాలి. ఉద్యానవన ప్రవేశానికి మేము వెళ్ళినప్పుడు కారుకు 30 డాలర్లు. అది ఏడు రోజులు చెల్లుతుంది. వేసవిలో హో లోయకు పొద్దున్నే చేరకపోతే కార్ల వరుసలో గంటలు గడిచిపోతాయి. సముద్రతీరంలో ఆటుపోట్ల వేళలు చూసుకోకుండా మ్రానుల మీద నడవరాదు. అల వస్తే అంతటి దుంగ కూడా తేలి మనిషి మీదకు దొర్లుతుంది.

హలాల్ మాంసం సియాటిల్, రెడ్మండ్ ప్రాంతాలలో సులువుగా దొరుకుతుంది. అడవి దారిలో దొరకదు. మా కూతురు కబాబులు, పరోటాలు, పొరుగింటి గుంటూరు వారు ఇచ్చిన పులిహోర కట్టి తెచ్చింది. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి తిన్న వెంటనే అన్నీ కారులో పెట్టి తాళం వేయాలి. నది నీరు ఎంత తేటగా కనిపించినా కాచకుండా తాగరాదు.

జూన్‌లో అక్కడ పగలు పదహారు గంటలు. మగ్రిబ్ రాత్రి తొమ్మిది దాటాక, ఇషా అర్ధరాత్రికి చేరువలో. ఊరు దాటి సుమారు 77 కిలోమీటర్లకు మించి వెళ్ళే ప్రయాణికుడు హనఫీ ఫిఖ్హ్ ప్రకారం నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండుగా చేసుకుంటాడు. కిబ్లా విషయంలో పెద్దలు తికమక పడతారు. హైదరాబాదులో మనం పడమరకు తిరుగుతాము. సియాటిల్‌లో దాదాపు ఉత్తరానికి, కొంచెం తూర్పుకు తిరగాలి. భూమి గోళం కనుక మక్కాకు అతి దగ్గరి దారి ఉత్తర ధ్రువం వైపు నుంచే వెళుతుంది. గోళం మీద దారం పరిచి చూపిస్తే మనుమడికి ఒక్క నిమిషంలో అర్థమైంది.

మన కొండలు, మన నీరు

తిరుగు ప్రయాణంలో మనుమడు అడిగాడు: "నానాజాన్, ఇక్కడ ఇంత వాన ఉంది, మరి మీ ఇంటికి వేసవిలో ట్యాంకర్ ఎందుకు వస్తుంది?" దీనికి జవాబు వాన లెక్కలో మాత్రమే లేదు. హో లోయలో పడిన వానను నాచు, మట్టి, కూలిన మ్రానులు స్పంజిలా పట్టి ఉంచి నెమ్మదిగా వదులుతాయి. మనకు పడే 80 సెంటీమీటర్లు సిమెంటు మీద పడి, గంటలో నాలాలో కలిసి, రోడ్లు ముంచి వెళ్ళిపోతాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేల ప్రాణాలు తీసిన తరువాత మన పెద్దలు ఆ నీటిని ఆపి నిలపడానికి 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ నిర్మించారు. ఆ చెరువుల ఎగువ ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో 111వ జీవో వచ్చింది. నీటిని కాపాడాలంటే నేలను కాపాడాలన్న ఎరుక మన నగరానికి కొత్తది కాదు.

రహమత్ నగర్ నుంచి కొద్ది దూరంలోనే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం ఉంది. విస్తీర్ణం సుమారు 390 ఎకరాలు. 1998లో దానికి జాతీయ ఉద్యానవన హోదా వచ్చింది. హో లోయ చూసి వచ్చినవారికి అది ముళ్ళ పొదల గుట్టగా కనిపించవచ్చు. కానీ 250 కోట్ల ఏళ్ళ నాటి బండల మీద, ఇంత తక్కువ వానతో, ఎండాకాలం ఆకు రాల్చి తొలకరికి చిగురించే ఆ పొదే ఈ నేలకు తగిన అడవి. దక్కనుకు నాచు అక్కర్లేదు. తన తుమ్మ, తన వేప, తన సీతాఫలం ఉంటే చాలు. నగరానికి పడమర కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలలో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్ 3న సుప్రీం కోర్టు ఆపవలసి వచ్చిందంటే, ఇటువంటి నేలను బీడు అనుకునే అలవాటు మనలో ఎంత బలంగా ఉందో తెలుస్తుంది.

విదేశాలలోని బిడ్డల దగ్గరకు వెళ్ళే తల్లిదండ్రులకు మా సలహా ఒకటే. ఒకసారి వారితో కలిసి ఆ అడవి దారిన వెళ్ళండి. ఇంట్లో చెప్పుకోలేని మాటలు అక్కడ చెప్పుకోండి. సెలవులకు ఇక్కడికి వచ్చే మనుమలను దుకాణాల సముదాయాలకు మాత్రమే కాక, తొలకరి పడిన వారంలో మన గుట్టల మీదకు కూడా తీసుకువెళ్ళండి. మా మనుమడు వచ్చే వేసవికి వస్తున్నాడు. మా మదరసా మేడ మీద పడే వాన నీరు బోరు పక్కన ఇంకేలా ఒక గుంత తవ్వించాలని అనుకున్నాము. ఆరడుగుల లోతు, అడుగున కంకర, పైన ఇసుక. తవ్వకం పని వాడు వచ్చాకే మొదలు పెడదామని పిల్లలందరూ పట్టుబట్టారు.